యాత్రికుని రూపాయి

మన సంఘముల సంచికలలో యాత్రావ్యాసము లేని సంచిక అరుదు. కాశీ, రామేశ్వరము, పూరీ, హంపి మొదలగు చోట్లకు పోయివచ్చినవారు తాము చూచిన గోపురములను, మునిగిన ఘట్టములను, త్రోవలో దొరకిన తెలుగు భోజనమును గూర్చి ప్రీతితో వ్రాయుదురు. మనమును ప్రీతితోనే చదువుదుము. ఈ నడుమ ఆ వరుసలో సింగపూరు, దుబాయి, ప్యారిసు కూడ చేరినవి. ఆ వ్యాసములయందు మాకు కొరతగా తోచునది ఒక్కటియే. చూచినదంతయు అందుండును, చెల్లించినది ఉండదు. ఒకవేళ ఉన్నను, ధర హెచ్చుగా ఉన్నదను ఫిర్యాదుగా ఉండునే గాని, ఆ పైకము ఎవరి చేతికి పోయినది, అక్కడినుండి మరెవరి చేతికి పోయినది అను విచారణగా ఉండదు.

ఈ విచారణ క్రొత్తది కాదు, పరాయిది అసలే కాదు. తెలుగు యాత్రాసాహిత్యమునకు తలమానికమైన ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ నిండ ఉన్నది అదియే. నేడు పర్యాటకమునకు రాజకీయార్థశాస్త్రమని పెద్ద పేరు పెట్టి విశ్వవిద్యాలయములలో చెప్పుచున్నదానికి కావలసిన దృష్టి ఆ మద్రాసు తెలుగువాని దినచర్యలో తగినంత కలదని చూపుటయే మా యుద్దేశము.

వీరాస్వామయ్యగారు ఒక విధముగా మనవారిలో మనవారు. మద్రాసు పట్టణమున సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసినవారు. తమిళులు, తెలుగువారు, ఇంగ్లీషువారు కలసి తిరుగు వీథులలో బ్రదికినవారు. 1830 మే 18న మద్రాసు విడిచి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ కాశీలకు పోయి, గయ, పాట్నా, కలకత్తాలు చూచికొని, పూరీ మీదుగా సముద్రతీరము వెంబడి దిగివచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వెంట సుమారు నూరుగురు పరివారము. త్రోవలో వ్రాసిన వృత్తాంతమును మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచు వచ్చిరి. గ్రంథకర్త 1836లో గతించిన పిమ్మట పిళ్లగారే 1838లో దానిని అచ్చు వేయించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన టిప్పణములతో పరిష్కరించి ప్రకటింపకున్నచో మనలో చాలమందికి ఈ గ్రంథము పేరుగానే మిగిలియుండెడిది.

ఈ గ్రంథమును చరిత్రకారులు సాక్ష్యముగా చదివిరి; భాషాశాస్త్రజ్ఞులు నూటతొంబది యేండ్లనాటి వాడుకభాషకు నిదర్శనముగా చదివిరి. రెండును సరియే. కాని, ఆ వ్రాతలో విసుగు పుట్టించునని కొందరు దాటిపోవు భాగములే దాని ప్రాణమని మాకు తోచుచున్నది. ఈ మకామునుండి ఆ మకామునకు ఎంత దూరము, ఊరిలో ఏమి దొరకును, ఏమి దొరకదు, ఏ నాణెము చెల్లును, బోయీలకు కూలి యెంత, రేవున సుంకమెవరు పుచ్చుకొందురు – ఇవి ఆయన వాక్యములు. క్షేత్రమహిమ వచ్చినచోట మహిమయు వ్రాయుదురు. మరుక్షణమే అక్కడి రాబడి యెవరికి చేరునో విచారింతురు. శ్రీశైలమున యాత్రికులవద్ద పుచ్చుకొనునది కందనూరు నవాబు. తిరుమల ఆదాయము 1801 మొదలు 1843 దాక కంపెనీ చేతిలోనిది. ప్రయాగలో కాలినడకను వచ్చి త్రివేణిలో మునుగువాడు కంపెనీకి రూపాయి కట్టవలెను. దొరలు వేరు, మతములు వేరు, పని మాత్రమొక్కటి. మునుక యాత్రికునిది, మునుకపై రుసుము దొరది.

వీరాస్వామయ్యగారు కంపెనీ కొలువున బ్రదికినవారు. ఆ దొరతనముపై ఆయనకు గల మన్నన గ్రంథమున దాగదు. అట్లయ్యు లెక్క మానలేదు. మన్నన ఒకచోట, లెక్క ఒకచోట ఉంచుకొనగలిగిన ఈ గుణము తరువాతి యాత్రాకర్తలలో అరుదైపోయినది. నేటి వారిలో చాలమందికి ఒక ప్రదేశము నచ్చినచో దాని లెక్క అడుగుట మర్యాద కాదనిపించును.

ఇక పూరీ సంగతి కొంత నిదానముగా చూడవలసియున్నది. 1803లో మరాఠాలనుండి కంపెనీవారు ఆ సీమను గెలిచికొనిరి. 1806లో యాత్రికులపై పన్ను చట్టబద్ధము చేసిరి. పట్టణమునకు రెండు ద్వారములు – ఉత్తరమున అఠారనాలా వంతెన, దక్షిణమువారికి లోకనాథఘట్టము. యాత్రికులు నాలుగు తరగతులు. మొదటి తరగతి ‘లాల్ జాత్రీ’ ఉత్తరమునుండి వచ్చినవాడైనచో 10 రూపాయలు, దక్షిణమునుండి వచ్చినవాడైనచో 6 రూపాయలు. ఎక్కువ యిచ్చినవాడు ఎక్కువ దినములు గుడిలోనికి పోవచ్చును. కడపటి తరగతియైన నిరుపేదలకు మినహాయింపు. మనిషి రాకను దిక్కునుబట్టి, తాహతునుబట్టి, నిలుచు దినములనుబట్టి వెలకట్టిన ఈ పట్టికను చూచినచో నేటి విమానపు టిక్కెట్ల వ్యాపారులు సిగ్గుపడరు గాని, తమ తాతలను గుర్తుపట్టుదురు. కలకత్తానుండి దిగివచ్చిన వీరాస్వామయ్యగారు, మద్రాసువారైనను, ఉత్తరపు ద్వారమున్న దారినే వచ్చినవారు.

దిక్కునుబట్టి వెల నేడు లేదనుకొనరాదు. 2018లో సవరించిన రేట్ల ప్రకారము పురావస్తుశాఖవారు హంపి విఠలాలయము వంటి మొదటి తరగతి కట్టడములకు స్వదేశీయునివద్ద 40 రూపాయలు, విదేశీయునివద్ద 600 రూపాయలు టిక్కెట్టు పెట్టిరి. భూటాను రాజ్యమువారు 2022 సెప్టెంబరునుండి విదేశీయునిపై దినమునకు 200 డాలర్లు విధించి, రాకపోకలు పలచబడగా మరుసటి యేడు దానిని సగము చేసిరి. హిందూదేశీయులకు మాత్రము దినమునకు 1,200 రూపాయలు. ఇటలీలోని వెనిసు నగరమువారు 2024 ఏప్రిలు 25 మొదలు, ఒక్కపూట చూచిపోవువారివద్ద ఎంపికచేసిన దినములలో 5 యూరోలు పుచ్చుకొనుట ఆరంభించిరి. ఊరిలో బస చేయువానికి అది లేదు, అతడు బసపై వేరు పన్ను కట్టును గనుక. పూరీ పట్టికలో మినహాయింపు పొందినది పేదవాడు. వెనిసు పట్టికలో మినహాయింపు పొందినవారిలో గది అద్దెకు తీసికొనగలవాడు ఉన్నాడు. వెనిసువారి కష్టము నిజమైనదే. పాతపట్టణమున కాపురముండువారు 50 వేలకు దిగిపోయిన ఊరికి ఏటా కోట్లమంది వచ్చిపడినచో ఎవరైనను ద్వారము కట్టుకొనవలసినదే. కాని ద్వారము జనమును ఆపుటకా, జనమునుండి రాబట్టుటకా అను సంశయము 1806లో ఉన్నట్లే నేడును ఉన్నది.

కంపెనీ పూరీ పన్నును 1840లో ఎత్తివేసినది. యాత్రికునిపై జాలితో కాదు. క్రైస్తవప్రభుత్వము విగ్రహారాధనవలన ధనము గడించుట పాపమని మిషనరీలు ఇంగ్లండులో గగ్గోలు చేయగా ఎత్తివేసినది. గయలో, ప్రయాగలో కూడ అట్లే. పన్ను పోయినంతమాత్రమున యాత్రికుని మూట బరువు మిగులలేదు. 1871లో పూరీ బసయిండ్లకు ప్రత్యేక చట్టము వచ్చినది. ఇంటికి ఇంతమందియని లెక్క, దానికి అనుమతిపత్రము, దానికి రుసుము. విషూచి భయము అందుకు న్యాయమైన కారణమే. అయినను దొరతనము ఒక ద్వారమునుండి వెడలి మరొక ద్వారమున ప్రవేశించుట ఎట్లో నేర్చుకొనగోరువారికి ఆ రెండు శాసనములును చదువదగినవి.

ఆ కాలమున యాత్రికుని ఇంటికడనే పట్టుకొనువాడు పండా పంపిన మనిషి. అతడు ఊరూర తిరిగి జనమును కూడగట్టి, త్రోవ చూపి, పూరీలో తన పండా యింట దింపును. తెచ్చిన తలకింత అతనికి లాభము. పండాయింటి బహీలో మన తాతముత్తాతల పేర్లు, ఊరు, గోత్రము ఉండును. అతనిని మనవారు తిట్టని దినము లేదు. దళారి దళారియే, కాని అతడుండు వీథి మనకు తెలియును, వాని గుమ్మమున నిలిచి జగడమాడవచ్చును, వాడు తిన్న రూపాయి పూరీ అంగటిలోనే బియ్యముగా ఉప్పుగా మారును.

ఈనాటి దళారి వేరు. చేతిలోని ఫోనునందు గది చూచికొని ‘బుక్’ చేయుట మనకందరకు అలవాటైనది. ‘బుకింగ్ డాట్ కామ్’ 1996లో హాలండు దేశమున పుట్టి, 2005లో అమెరికా కంపెనీ సొత్తయినది. మనదేశమున పేరుపడిన ‘మేక్ మై ట్రిప్’ 2000లో ఇక్కడనే మొదలైనదే గాని, మాతృసంస్థ మారిషసు దీవిలో రిజిష్టరై, 2010నుండి అమెరికా నాస్‌డాకులో వాటాలు అమ్ముకొనుచున్నది. ఇందులో దొంగతనమేమియు లేదు, అంతయు చట్టప్రకారమే. కాని పూరీ సముద్రతీరమున నాలుగు గదుల లాడ్జి పెట్టుకొన్నవాడు తన గదికి వచ్చిన పైకములో ఒక భాగమును, తానెన్నడును చూడని ఊరికి పంపవలసియున్నది. పంపనన్నచో అతని గది పట్టికలో అడుగునకు పోవును. అడుగున నున్న గది లేని గదితో సమానము. పండాబహీ మనలను ఎరిగియుండెను, మనము పండాను ఎరిగియుంటిమి. క్రొత్త బహీ మనలను మునుపటికంటె బాగుగా ఎరుగును; మనము దానిని ఎరుగము. ప్రపంచీకరణము అను మాటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము మన యిండ్లలో మరొకటి లేదు.

పర్యాటకమున సరకు కదలదు, కొనువాడే కదలివచ్చును. సముద్రము, గుడి, కొండ, వంటకము – ఇవి ఉన్నచోటనే ఉండును. ఉన్నచోట ఉండువారి కూలి, నీరు, నేల కూడ ఆ ధరలో కలసియుండును. ధర నిర్ణయించుట మాత్రము వేరొకచోట జరుగును. కొనువాడు రానినాడు కదలని సరకు గతి యేమి? 2019లో లోకమంతట దేశసరిహద్దులు దాటి తిరిగినవారి సంఖ్య సుమారు 146 కోట్లని ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ లెక్క. 2020లో అది 40 కోట్లకు పడిపోయినది. ఆ యేడు జూన్ 23న పూరీ రథయాత్ర సుప్రీంకోర్టు అనుమతితో జరిగినది గాని, భక్తులు లేరు, 2021లోను అంతే. పెద్ద కంపెనీలు అప్పులు తెచ్చుకొని గట్టెక్కినవి. గుఱ్ఱపుబండివానికి, గవ్వలదండలు అమ్ముకొనువానికి అప్పు పుట్టినది వేరు వడ్డీకి.

కర్ణాటకమున నున్న పాఠకులు ఇంతవరకు వచ్చి హంపిమాట ఎత్తలేదేమని యనుకొనుచుందురు. అక్కడ తగవు పైకమునకు మాత్రమే కాదు. చోటు ఎవరిదను తగవు. 1986లో హంపి ప్రపంచవారసత్వపు జాబితా కెక్కినది. 1999లో తుంగభద్రపై వంతెనల నిర్మాణము కారణముగా ప్రమాదములోని స్థలముల పట్టికలో పడి, 2006లో బయటపడినది. విరూపాక్షుని గుడియెదుటి రథవీథి మండపములలో ఏండ్లతరబడి కాపురములు, కొట్లు, పూటకూళ్లు ఉండెడివి. 2011 జూలైలో 300 పైచిలుకు కుటుంబములవారి ఇండ్లు, కొట్లు పడగొట్టి వారిని అక్కడినుండి వెళ్లగొట్టిరి. శిలామండపములకు సిమెంటు గోడలు, మురుగు, మేకులు – కట్టడముల రక్షకులు చెప్పిన కారణములను మేము తోసిపుచ్చము; ఆ రాతికి హాని కలిగినమాట వాస్తవము. కాని 1520 ప్రాంతమున ఆ వీథిని చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఏమి వ్రాసెను? గుడిముందటి ఆ అందమైన వీథిలో వసారాలు గల ఇండ్లున్నవనియు, వచ్చిన యాత్రికులు వానిలో తలదాచుకొందురనియు వ్రాసెను. అనగా ఆ వీథి మొదటినుండియు బసలవీథియే. బసయిచ్చువారిని ఖాళీచేయించి, బసవీథిని చూపించుచున్నాము. నదికి ఆవలియొడ్డున విరూపాపురగడ్డలో లేచిన విహారగృహములను కూడ సుప్రీంకోర్టు తీర్పుపై 2020 మార్చిలో పడగొట్టిరి. నేరము ఒక్కటే కావచ్చును. మండపములో దోసెలు పోసిన కుటుంబమునకు, విదేశీయులకు కుటీరములు కట్టిన పెట్టుబడిదారునకు నష్టము మాత్రమొక్కటి కాదు.

ఆ నగరప్రభువే తన ‘ఆముక్తమాల్యద’ చతుర్థాశ్వాసపు రాజనీతిలో రేవులను బాగుచేయుమనియు, గాలివానకు చిక్కి ఒడ్డునపడిన పరదేశి నావికులను ఆదరింపుమనియు చెప్పించినాడు. పరదేశికి ఆదరము, రాజ్యమునకు ఏనుగులు గుఱ్ఱములు. రాయలవారు రెండింటిని కలిపి చెప్పుటలో దాపరికమేమియు లేదు. అతిథిసత్కారమను మాట చాటున వ్యాపారము దాచి మాటాడుట తరువాతివారి నాగరకత.

తిరిగి పూరీకి. 2019 ఆగస్టున జగన్నాథాలయప్రాకారమునకు 75 మీటర్లలోపలి కట్టడముల తొలగింపు మొదలైనది. ఆ స్థలమున కట్టిన పరిక్రమమార్గము 2024 జనవరి 17న తెరువబడినది. రద్దీ, అగ్నిభయము, భద్రత కారణములు. మార్గము విశాలముగా ఉన్నది, ముసలివారు నడచుటకు వీలుగా ఉన్నది. పోయినవానిలో ఏమార్ మఠము కట్టడము ఒకటి. రామానుజులవారి శిష్యులైన ఎంబారుల పేరిట ఏర్పడినదని సంప్రదాయము చెప్పు ఆ మఠము దక్షిణదేశపు వైష్ణవులకు శతాబ్దులుగా పూరీలో తెలిసిన గడప. 1921లో స్థాపితమైన రఘునందన గ్రంథాలయము ఉండెడిదియు అందే. దక్షిణయాత్రికుడు రుసుము కట్టి దిగు గది నేడు పూరీలో కావలసినన్ని. మఠము, సత్రము వంటివి యాత్రికునికి నీడయిచ్చు వేరొక పద్ధతి, దాత వేరు, భోక్త వేరు, మధ్య లాభము లేనిది. వీరాస్వామయ్యగారి గ్రంథములో మకాముకు మకాము సత్రములు తగులుచుండును. వానిని నిలిపిన ధనము ధర్మాత్ములదే యని మురిసిపోవుటకు మాకు మనసొప్పదు. పంటపొలముల మాన్యములు, కౌలుదార్ల చెమట దానివెనుక నున్నవి. అయినను ఆ లెక్క ఊరిలోనే మొదలై ఊరిలోనే తీరినది.

పూరీ తీరమున తూర్పువైపు పెంటకోట యను జాలరివాడ కలదు. అక్కడివారు వాడబలిజలు, తెలుగువారు. ఉత్తరాంధ్రతీరమునుండి ఎక్కివచ్చి స్థిరపడినవారు; ఒడియావారు, బెంగాలీలు వారిని ‘నోళియా’లందురు. 1897లో రైలు పూరీ చేరినది. కలకత్తా బాబులు గాలిమార్పుకని రాసాగిరి. 1925లో బెంగాల్ నాగపూరు రైల్వేవారు సముద్రపుటొడ్డున హోటలు తెరచిరి. అదివరకు దేవునికొరకు వచ్చినచోటికి సముద్రముకొరకు వచ్చుట అప్పుడు బలపడినది. పూరీ అల పొడవుగా వచ్చి బలముగా లాగును. ఈత రాని బాబును, అమ్మగారిని చేయిపట్టి అలలో ముంచి లేపి ఒడ్డున చేర్చువాడు నోళియా. తలపై కోసుగా నుండు టోపీ అతనికి గుర్తు. తరతరముల బెంగాలీ కథలలో, ఫొటోలలో ఆ టోపీ కనబడును. పండా మొదలు నాస్‌డాకు దాక మేము చెప్పుకొనివచ్చిన గొలుసులో, స్నానము చేసినవాని తడిచేతినుండి నేరుగా పనిచేసినవాని తడిచేతికి పోయిన రూపాయి ఇది యొక్కటియే.

2020 అక్టోబరులో పూరీ ‘గోల్డెన్ బీచ్’కి నీలిజెండా వచ్చినది. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, ప్రాణరక్షకులు మొదలగు 33 నియమములు నెరవేర్చిన తీరమునకు డెన్మార్కు దేశపు కోపెన్‌హేగనులోని సంస్థ ఇచ్చు యోగ్యతాపత్రమది. విశాఖపట్టణపు ఋషికొండకు కూడ ఆనాడే వచ్చినది. శుభ్రమైన తీరము ఎవరికి చేదు? కాని నియమములు వ్రాసినవారి దృష్టిలో తీరమనగా స్నానమునకు వచ్చువాని తీరము. ఎండచేపలకు, వలలు అల్లుకొనుటకు, తెప్పలు లాగిపెట్టుకొనుటకు చోటు అను నియమము అందులో పెట్టుట వారి పని కాదు. మనవారు పెట్టుమని అడిగినదియు లేదు. ఒక్కడే మనిషి తెల్లవారుజామున చేపలు తెచ్చునపుడు తీరమునకు మురికిగాను, ఉదయమున బాబుచేయి పట్టుకొన్నపుడు తీరమునకు అలంకారముగాను కనబడుచున్నాడు. 2019 మే 3న ఫొని తుపాను పూరీవద్దనే ఒడ్డెక్కినపుడు పెంటకోట దెబ్బతిన్న తీరు పత్రికలలో వచ్చినది. అయినను పర్యాటకులు మరల ఎన్నడు రావచ్చునను వార్తయే దూరపు పాఠకులకు ముందు చేరినది.

వీరాస్వామయ్యగారి సవారీ మోసిన బోయీలు తమ మాటగా చెప్పుకొన్న యాత్ర మనకు దొరకలేదు. వారు కూలిలెక్కలో మిగిలిరి. పెంటకోటవారు ఉత్తరముగా ఎక్కిపోయిన యాత్రయు ఎవరును వ్రాయలేదు. గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణములమీదుగా వీరాస్వామయ్యగారు 1831లో దిగివచ్చిన తీరము ఏదియో, వారు పూరీకి ఎక్కిపోయిన తీరమును అదియే.